గోవా రూపాయిని కలకత్తాలో ఎందుకు ముద్రించారు?

ప్రశ్న (పాతనాణెం):
నా దగ్గర 1881 నాటి పోర్చుగీసు ఇండియా వెండి రూపాయి ఒకటి ఉంది. ఒకవైపు లూయీ రాజు ముఖం, రెండోవైపు కిరీటం కింద రాజచిహ్నం, ‘ఇండియా పోర్చుగేజా’ అన్న అక్షరాలు ఉన్నాయి. దీనిని కలకత్తా టంకశాలలో ముద్రించారని చదివి ఆశ్చర్యపోయాను. తమ రాజు బొమ్మ ఉన్న నాణేన్ని పోర్చుగల్ ఆంగ్లేయుల చేతికి ఎందుకు అప్పగించింది?

జవాబు (కొంకణతీరం):
1878 డిసెంబరు 26న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఆంగ్లేయులతో కుదిరిన ఒప్పందమే దీనికి మూలం. గోవాకూ బ్రిటిష్ ఇండియాకూ మధ్య సుంకాలు ఎత్తివేయడం, గోవా రేవు మార్మగోవా నుంచి రైలు మార్గం వేయడం, గోవా ఉప్పు వ్యవహారాన్ని ఆంగ్లేయులకు అప్పగించి ప్రతిగా ఏటా 4 లక్షల రూపాయలు పుచ్చుకోవడం అందులోని ప్రధానాంశాలు. సరిహద్దు దాటి సరుకులు స్వేచ్ఛగా తిరగాలంటే రెండువైపులా డబ్బు ఒకే తూకంలో ఉండాలి కనుక, నాణేల సంగతి వీటి వెనుకే వచ్చింది. గోవా టంకశాల అప్పటికే మూతపడి ఉండటం వల్ల లిస్బన్ వదులుకున్నది మనం అనుకున్నంత పెద్దదేమీ కాదని నా అభిప్రాయం.

జవాబు (తులామానం):
పై మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. 1876 నాటి స్వదేశీ సంస్థానాల నాణేల చట్టం కింద ఆళ్వారు సంస్థానం కూడా తన రూపాయిని కలకత్తాలోనే ముద్రింపించుకుంది. అయితే దాని మీద ఉన్నది విక్టోరియా ముఖం. పోర్చుగల్ తన రాజు ముఖాన్ని నిలబెట్టుకుంది, కానీ తూకాన్ని వదులుకుంది. గోవాలో అంతకు ముందు షెరాఫిములు, టాంగాలు అనే నాణేలు చెలామణి అయ్యేవి. కొత్త పద్ధతిలో రూపాయికి 16 టాంగాలు, అంటే టాంగా అచ్చంగా అణా అయి కూర్చుంది.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో ఎవరైనా వెండి తెచ్చి స్వల్ప రుసుము చెల్లిస్తే టంకశాల రూపాయలు కొట్టి ఇచ్చేది, కాబట్టి ముద్రణలో మిగిలే లాభం తక్కువ. 1893లో ఆ సదుపాయాన్ని ఆపివేయడంతో రూపాయి విలువ క్రమంగా దానిలోని వెండి విలువను మించిపోయింది. ఒప్పందం అంతకు ఏడాది ముందే, 1892లో, ముగిసింది. లేకపోతే ఆ లాభం ఎవరిదన్న తగవు తప్పకుండా తలెత్తి ఉండేది.

జవాబు (కొంకణతీరం):
తూకం విషయంలో మీరన్నది నిజమే. కార్లోస్ రాజు బొమ్మతో 1903లో వచ్చిన రూపాయి లిస్బన్‌లోనే తయారైనా, దాని బరువు మాత్రం బ్రిటిష్ రూపాయిదే, అంటే ఒక తులం, 11.66 గ్రాములు. ఒప్పందం పోయింది కానీ తులం మారలేదు.

ప్రశ్నించినవారు (పాతనాణెం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక నా గోవా రూపాయినీ, 1880 నాటి విక్టోరియా రూపాయినీ తక్కెడలో పెట్టి చూశాను. మొదటిది 11.6 గ్రాములు, రెండోది 11.5 గ్రాములు తూగాయి. రాణిగారి చెక్కిలి బాగా అరిగిపోయి ఉంది, ఆ తేడా బహుశా దానిదే.