సమస్య: చుక్క రంగు మార్చఁ జుట్టమయ్యె

నిర్వాహకుడు: రాత్రి గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో కొలతలను గుంపులుగా విడదీసి గీస్తుంటే ఒక చుక్క నీలం వదిలి ఎరుపులోకి వెళ్లింది. ఈ పాదం అక్కడే దొరికింది. పూరించండి.

గణకవి:
కేంద్ర మొకటి జరిగి కిందికి దిగినంత
దూర మంత కొలిచి దొరికె నిల్లు
నిన్న నీలి గుంపు, నేడెర్ర గుంపుకే
చుక్క రంగు మార్చఁ జుట్టమయ్యె

పాదరసం: మూడో పాదం బంగారం. కే-మీన్స్‌లో, అంటే ప్రతి చుక్కనూ దగ్గరి కేంద్రం గుంపులో చేర్చి, కేంద్రాలను మళ్లీ లెక్కించే పద్ధతిలో, విడత విడతకూ జరిగేది అదే. కానీ కొలిచింది ఒకరు, దొరికింది ఇల్లు. "కొలిచి" ఎలా కుదురుతుంది? "కొలువ" అనండి, గణమూ చెడదు. ఇక "దొరికె నిల్లు" అసలే ఒప్పుకోను. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936లో వాడిన ఐరిస్ పూల కొలతలు తీసుకోండి: 150 పూలు, సెటోసా, వెర్సికలర్, వర్జీనికా అని మూడు జాతులు, జాతికి 50. కొలతలను ఉన్నవి ఉన్నట్టే ఇచ్చి మూడు గుంపులు అడిగితే 50, 62, 38 వస్తాయి. సెటోసా మొత్తం విడిగా నిలుస్తుంది. వర్జీనికాలో 14 వెర్సికలర్‌తో కలుస్తాయి, వెర్సికలర్‌లో 2 వర్జీనికా గుంపులోకి పోతాయి. ఆ 16 చుక్కలకు దొరికింది దగ్గరి కేంద్రమే, సొంత ఇల్లు కాదు.

గణకవి: "కొలువ" తీసుకున్నాను, ధన్యవాదాలు. ఇల్లు మాత్రం వదలను. కే-మీన్స్‌కు జాతి పేరు తెలియదు, దానికి దూరమే చుట్టరికం.

కుంచె:
అంకె యనుచు గీయ నంతయు నీలమే
పేరు లనుచుఁ జెప్ప వేరు పడెను
గుంపు గుంపు కొక్క గుర్తుగా నిలబడి
చుక్క రంగు మార్చఁ జుట్టమయ్యె

గణకవి: ఈ విరుపు నాకు తట్టనందుకు బాధగా ఉంది. గుంపు సంఖ్యను ఫ్యాక్టర్‌గా, అంటే అంకెగా కాక వర్గం పేరుగా, మార్చకపోతే ఆర్‌లో బొమ్మలు గీసే జీజీప్లాట్‌2 నీలపు ఛాయలే ఇస్తుంది. మొదటి పాదం అక్షరాలా నిజం. పోయిన నెల ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి పద్యం రాసింది మీరేనా అనిపించింది! ఆ రెండింటినీ వేరు చేసి చూడలేని కళ్లకు అందులో ఒకే గుంపు కనిపిస్తుంది.

కుంచె: ఆ పద్యాన్ని ఇంకా వదలరా? బొమ్మలో ఒక గుంపుకు త్రిభుజాలు, ఒకదానికి వృత్తాలు పెట్టాను.

నిర్వాహకుడు: బొమ్మలో పెట్టారు, పద్యంలో పెట్టలేదు. గణకవి మాట నిజం.

పాదరసం: అది సరే, కుంచె గారి రెండో పాదంలో యతి ఏది?

కుంచె: ప్రాసయతి. పేరు, వేరు.

పాదరసం: ఒప్పుకున్నాను.