సమస్యాపూరణం: గోలు లేక గెలిచె గొప్ప జట్టు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

*గోలు లేక గెలిచె గొప్ప జట్టు*

అంశం కరీబియన్ దీవుల దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగో పురుషుల ఫుట్‌బాల్ జట్టు చరిత్ర. జరిగిన ఆటనే పట్టుకుని పూరించండి. ముడి ‘గెలిచె’ దగ్గరుంది. గోలు పడని ఆటలు బోలెడు, గెలుపు ఎలా వచ్చిందో పద్యమే చెప్పాలి.

పద్యపిపాసి:
2006 జూన్ 10, డార్ట్‌మండ్. ప్రపంచకప్‌లో వాళ్ల మొట్టమొదటి ఆట, స్వీడన్‌తో.

డార్టుమండులోన డస్సియు పదిమంది
స్వీడు దాడులన్ని చిత్తు చేసి
షాక గోడ వోలె చలియింపక నిలువ
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

రెండో సగం మొదలవుతూనే ఏవరీ జాన్‌కు రెడ్ కార్డు. అప్పటినుంచి పదిమందే. ఎదుట ఇబ్రహిమోవిచ్, లార్సన్. ఆడాల్సిన గోల్‌కీపర్ కెల్విన్ జాక్ వార్మప్‌లో గాయపడితే షాకా హిస్‌లాప్ అప్పటికప్పుడు గోలు ముందుకొచ్చాడు. 0-0. పదమూడు లక్షల జనాభా ఉన్న దేశం! ఆ ఆట ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నిర్వాహకుడు:
పద్యపిపాసి గారూ, ధార బాగుంది. ‘స్వీ–చి’ యతి చెల్లుతుంది. కానీ ఆట డ్రా అయింది కదా, జట్టు దేన్ని గెలిచింది? ‘గెలిచె’కు కర్మ లేక సమస్య అలాగే మిగిలింది. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

షాక నిలువ జగతి జనముల మనసుల
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

పద్యపిపాసి:
సవరణ శిరోధార్యం. గోడ పోయిందనే చిన్న బాధ మాత్రం ఉంది. ఇంగ్లండ్ మీద కూడా 83వ నిమిషం దాకా ఆ గోడే నిలిచింది.

గోదారిగట్టు:
నాది ఎదురుప్రశ్న పద్ధతి. 2005 నవంబరు 16, బహ్రెయిన్‌లో ప్లేఆఫ్ రెండో ఆట. డెనిస్ లారెన్స్ తలతో కొట్టిన ఒకే ఒక్క గోలు వాళ్లను ప్రపంచకప్‌కు చేర్చింది.

తలను తాకి బంతి తలుపు దాటెను గాన
బహ్రెయినున నాడు పండుగయ్యె
నెవరు చెప్పిరయ్య యిది వింత మాటగా
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

నిర్వాహకుడు:
చక్కటి విరుపు. ‘జట్టు’ తర్వాత ‘అని’ లోపించింది, ఉద్ధరణ చిహ్నాలు పెడితే సరిపోతుంది.

వెన్నెలవాడ:
అంశం కొంచెం దాటుతున్నాను, మన్నించాలి. 2025 నవంబరు 18న కింగ్‌స్టన్‌లో జమైకాతో 0-0 చేసుకుని కరీబియన్ చిన్న దీవి కురసావ్ ప్రపంచకప్‌కు వెళ్లింది.

జమయికాను తాకి సరిజోడుగా నిల్చి
చిన్న దీవి తుదకు చేరె బరికి
సున్న సున్న యన్న చుట్టమై కలిసిరా
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

నిర్వాహకుడు:
‘సున్న సున్న యన్న చుట్టమై కలిసిరా’ పాదాన్ని రెండుసార్లు చదువుకున్నాను. డ్రాయే అర్హత కాబట్టి ‘గెలిచె’ కూడా అతికింది. అదే గ్రూపులో డ్వైట్ యార్క్ శిక్షణలో ఆడిన ట్రినిడాడ్ కూడా ఉంది, కనుక అంశం మరీ దూరం కాలేదు.

కొత్తకలం:
నా మూడో ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి. 1989 నవంబరు 19, పోర్ట్ ఆఫ్ స్పెయిన్. డ్రా చాలు, ఇటలీలో జరిగే 1990 ప్రపంచకప్‌కు టికెట్టే. స్టేడియమంతా ఎరుపు. అమెరికా ఆటగాడు కలిజూరి దూరం నుంచి కొట్టిన ఒక్క గోలుతో 0-1. అంత దుఃఖంలోనూ జనం మర్యాద తప్పలేదు. ఆ ఏడాది ఫీఫా ఫెయిర్ ప్లే అవార్డు ట్రినిడాడ్ ప్రేక్షకులకే ఇచ్చారు.

ఎఱ్ఱబట్ట కట్టి యెదురు చూచిన వారు
ఓడినపుడు కూడ నోర్పు చూపి
ఫీఫ మెప్పు పొంది ప్రేక్షకజనమను
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

గోదారిగట్టు:
ఆనాటి కోచ్ గ్యాలీ కమ్మింగ్స్ 1973లో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో జరిగిన ప్రపంచకప్ అర్హత ఆటలో ఆటగాడు. హైతీ 2-1తో గెలిచిన ఆ ఆటలో ట్రినిడాడ్ కొట్టిన గోల్స్ నాలుగు చెల్లవన్నారు. కొట్టిన గోల్స్ అప్పుడలా పోయాయి, పదహారేళ్లకు ఒక్కటి పడక ఇలా. ఆ మనిషి కడుపుకోత ఎవరికి తెలుస్తుంది?

నిర్వాహకుడు:
కొత్తకలం గారూ, భావం అందరికంటే మీదే ఎత్తుగా ఉంది. ప్రేక్షకులనే జట్టు చేశారు, ‘గెలిచె’ దానంతటదే కుదిరింది. ‘వారు ఓడిన’ దగ్గర విసంధి దోషం, అంటే చేయాల్సిన సంధి చేయకపోవడం. ఉత్తుకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం, పాదం మారినా తప్పదు. పైగా ‘వారు’, ‘జనము’ రెండూ కర్తలై కూర్చున్నాయి. ‘జనమను’ను ‘జట్టు’తో కలుపుకోవాలి, ఆ మాత్రం దూరాన్వయం సహించవచ్చు. మొదటి రెండు పాదాలు మీరే సవరించండి.

కొత్తకలం:

ఎఱ్ఱబట్ట కట్టి యెదురు చూచి చివర
నోడినపుడు కూడ నోర్పు చూపి
ఫీఫ మెప్పు పొంది ప్రేక్షకజనమను
గోలు లేక గెలిచె గొప్ప జట్టు

నిర్వాహకుడు:
నిర్దోషం. ఈ వారానికి ఇదే మేటి పూరణ.