ఒట్టి ప్లాస్టిక్‌ను మించి వెలుతురు పంపే వెండి పూత: నిజమా, లెక్కల గారడీయా?

రాగిరేకు
పలుచని వెండి పొరల మీద పరిశోధన చేస్తున్నాను. వచ్చే నెల సెమినార్‌లో ఒక వాక్యం చెప్పవచ్చా లేదా అన్న దగ్గర మా ప్రయోగశాల రెండుగా చీలింది. విషయం ఇది: 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం ప్లాస్టిక్ రేకు మీద రెండు పారదర్శక పొరల నడుమ అతి పలుచని వెండి పొరను పెట్టి, 88.4 శాతం వెలుతురు దాటుతోందని చూపింది. పూత లేని ఆ ప్లాస్టిక్‌ను దాటేది 88.1 శాతమే! అంటే ప్లాస్టిక్‌తో పోలిస్తే 100.3 శాతం. పొర నిరోధం, అంటే కరెంటుకు పొర పెట్టే అడ్డు, చదరానికి 18.6 ఓములు (చదరం చిన్నదైనా పెద్దదైనా అంతే). వెలుతురునూ కరెంటునూ రెండిటినీ పోనిచ్చే పొరగా ఫోను తెరల్లో వాడే ఇండియం టిన్ ఆక్సైడ్, అదే ఐటీఓ, ఇక ఇంటికి వెళ్లినట్టేనని నా వాదన. కాదనేవారు ఎందుకో చెప్పండి.

భౌతికం మాస్టారు
నూటికి నూరు దాటిన మార్కులు కనిపిస్తే ముందు కూడికలు సరిచూస్తాను, ముప్ఫై ఏళ్ల అలవాటు. వెండి అద్దం వెనక పూసే వస్తువు. అది పూస్తే వెలుతురు పెరగడమేమిటి? బంగారు రేకు లోంచి ఆకుపచ్చ వెలుతురు వస్తుందని ఫారడే 1857లోనే చూపాడు, ఒప్పుకుంటాను. కానీ వచ్చేది కొద్దిగానే.

రాగిరేకు
మాస్టారూ, అద్దం పూత మందం వేరు. నేను చెప్పేది 10 నానోమీటర్లు, అంతకన్నా తక్కువ. నలభై చిల్లర పరమాణు వరుసలు, అంతే. ఇక పెరగడం గురించి. ఒట్టి ప్లాస్టిక్ రెండు ముఖాల నుంచి కలిపి పదో వంతుకు పైగా వెలుతురు వెనక్కి పోతుంది. పూత వేసిన ముఖం మీద వెండి నుంచి, దాని పైకింది పొరల నుంచి వెనుదిరిగే తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకునేలా మందాలు కుదురుస్తారు. కళ్లద్దాల మెరుపు తగ్గించే పూత చేసే పనే. వెండి కొంత మింగుతుంది, కానీ వెనక్కి పోకుండా ఆపినది అంతకన్నా పిసరంత ఎక్కువ. ఆ పిసరే 0.3.

భౌతికం మాస్టారు
ఇప్పుడు అర్థమైంది, నా అభ్యంతరం ఇంకాస్త గట్టిపడింది కూడా. అదే ప్లాస్టిక్‌కు వెండి లేకుండా కళ్లద్దాల పూత మాత్రమే వేసి, దానితో పోల్చండి. మీ 100.3 నిలుస్తుందా? ఏ పూతా లేని రేకును పక్కన నిలబెట్టి గెలిచామనడం పోటీ కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి పొరల నాణ్యతను తూచడానికి ఈ రంగంలో 1976 నుంచి వాడుకలో ఉన్న హాకే కొలమానం ఒకటుంది కదా: పారదర్శకతను పదో ఘాతానికి పెంచి నిరోధంతో భాగించాలి. 0.884 వేసి చేస్తే నాకు 0.0157 వచ్చింది. 1.003 వేస్తే 0.055. పూత మారలేదు, పరికరం మారలేదు, దేనితో పోల్చామన్నది మారితే సరుకు మూడున్నర రెట్లు మెరుగైపోయింది! బృందం రెండు అంకెలూ దాచకుండా ఇచ్చింది, వాళ్లను అనను. ఒకదాన్నే పట్టుకుని సెమినార్‌కు బయలుదేరిన మిమ్మల్నే అంటున్నాను.

వేలిముద్ర
టచ్ ప్యానెళ్ల తయారీలో పనిచేస్తాను. అరచేతిలో పట్టే ఫోనుకు చదరానికి 100 ఓముల పొర చాలు. దానికి 18.6 ఓముల వెండి అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. మాకు అసలు తలనొప్పి వేరే. పొరను సన్నని గీతలుగా చెక్కాలి, చెక్కినచోటు కంటికి కనబడకూడదు. ఐటీఓతో దీనికి ఏళ్ల అనుభవం ఉంది. ఇండియం అయిపోతుందన్న వాదన కూడా ఎవరో తెస్తారు కాబట్టి ముందే చెబుతాను: అది జింకు శుద్ధిలో ఉపఫలంగా వచ్చే లోహం. పూత యంత్రంలో పలక మీదికి చేరకుండా మిగిలినదాన్ని తిరిగి తీసుకుంటారు.

అయితే మడత ఫోను దగ్గర రాగిరేకు గారి మాట వింటాను. ఐటీఓ రెండు మూడు శాతం సాగితే పగులుతుంది. పైగా దాన్ని బాగా వాహకంగా చేయాలంటే వేడి పెట్టాలి, ప్లాస్టిక్ ఆ వేడికి ఆగదు.

గాజుబట్టీ
వెండి రేపెప్పుడో వస్తుందన్నట్టు మాట్లాడుతున్నారు. ఎండ వేడిని వెనక్కి కొట్టే కిటికీ గాజుల మీద 10, 15 నానోమీటర్ల వెండిని ఇరవై ఏళ్లుగా పూస్తున్నాను. బల్లంత పలకలు, రోజంతా. కాబట్టి పెద్ద విస్తీర్ణంలో పూయగలమా అన్న ప్రశ్న ఎప్పుడో తీరింది.

తీరనివి రెండు. మొదటిది, వెండికి గాజు మీద పరచుకోవడం ఇష్టముండదు. తామరాకు మీద నీటిబొట్టులా ముద్దలు కడుతుంది. ముద్దలు ఒకదానికొకటి అంటుకునేసరికి దాదాపు 10 నానోమీటర్లు అవుతుంది. ఆలోపు కరెంటు పారదు, పైగా ఆ ముద్దలు వెలుతురునూ మింగుతాయి. రెండిందాలా చెడ్డట్టే. అందుకే కింద జింక్ ఆక్సైడ్ వేస్తాం. రాగి లేదా జెర్మేనియం ఒక్క నానోమీటరు వేసేవారూ ఉన్నారు. అలా చేసినా పుస్తకంలోని అంకె రాదు. మందపాటి వెండి దిమ్మె నిరోధకతతో లెక్కిస్తే 10 నానోమీటర్లకు చదరానికి 1.6 ఓములు రావాలి. చేతికి వచ్చేది అంతకు కొన్ని రెట్లు. ఎలక్ట్రాన్ దేన్నీ ఢీకొనకుండా పోగలిగే సగటు దూరం వెండిలో 50 నానోమీటర్లకు పైనే, పొర మందం అందులో అయిదో వంతు. నేలకూ కప్పుకూ తల కొట్టుకుంటూ నడిచే మనిషి ఎంత వేగంగా పోతాడు?

రెండోది తేమ. ఒక వానాకాలం కొత్త కుర్రవాడు చేతి తొడుగు లేకుండా పలక అంచు పట్టుకున్నాడు. కొద్ది రోజుల్లో అయిదు వేళ్లూ తెల్లటి మచ్చలై తేలాయి. చెమటలోని ఉప్పు చాలు. రెండు గాజులను కలిపి మూసేముందు అంచు వెంబడి పూతను గీకివేసేది కూడా అందుకే, లేకపోతే తుప్పు అంచు నుంచి లోపలికి పాకుతుంది. మా కిటికీకి ఆ వెసులుబాటు ఉంది. ఫోనుకు అంచు దగ్గరే తీగ కలపాలి కదా, అక్కడేం చేస్తారు?

వేలిముద్ర
అదే నేను అడగాలనుకున్నది.

రాగిరేకు
సరే, ‘ఐటీఓ ఇంటికి’ అన్న వాక్యం తీసేస్తున్నాను. మడత తెరలు, కరెంటు అంచు నుంచి నడుమ దాకా పోవలసిన పెద్ద దీపపు పలకలు, సౌర ఘటాలు: వీటికి మాత్రమే నా వాదన. 88.4, 88.1 రెండూ సెమినార్‌లో ఒకే స్లైడ్ మీద చూపిస్తాను. మాస్టారూ, వెండి లేని పూతతో పోలిక కూడా కొలుస్తాను. ఓడినా చూపిస్తాను.

గాజుబట్టీ
85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో మీ నమూనా ఎన్ని గంటలు నిలిచింది?

రాగిరేకు
ఇంకా పెట్టలేదండీ.

గాజుబట్టీ
పెట్టండి. అంచు మూసినది ఒకటి, మూయనిది ఒకటి. వేలు ఆనించినది ఇంకొకటి.