సమస్య: వెనుకకుఁ దగ్గిన భటునకు విజయము దక్కెన్

నిర్వాహకుడు: ఇది కందపద్యం చివరి పాదం; మిగతా మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదర్చడమే పూరణ. పోరులో వెనక్కి తగ్గితే గెలుపెలా వస్తుంది? తాడులాగుడులో వస్తుంది! అందుకే ఈ వారం పూరణ లండన్ నగర పోలీసు ఫ్రెడరిక్ హంఫ్రీస్ మీద రావాలి. పుట్టింది 1878లో. 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం (అప్పుడే కుస్తీలోనూ దిగాడు), 1912 స్టాక్‌హోమ్‌లో స్వీడన్ చేతిలో ఓడి రజతం. తర్వాత ప్రపంచయుద్ధం, 1916 క్రీడలే లేవు. 1920 ఆంట్వెర్ప్‌లో మళ్లీ స్వర్ణం. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఈ ఆటే లేదు.

ఒక సభ్యురాలు: మాస్టారూ, వె–వి యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుందమ్మా. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ నియతస్థానంలోని అక్షరానికీ పొత్తు; ఇ, ఈ, ఎ, ఏ లకు ఆ మైత్రి ఉంది.

మొదటి పూరణ:

జనములు లండను పురమునఁ
గనుఁగొన నిరుజట్లు త్రాడుఁ గడువడి లాగన్
దన మడమలు నేల నదిమి
వెనుకకుఁ దగ్గిన భటునకు విజయము దక్కెన్

విమర్శ: మూడో పాదం ప్రాణం పోసింది. ఈ ఆటంతా మడమల్లోనే ఉంది. 1908లో లివర్‌పూల్ పోలీసుల బరువైన బూట్ల మీద అభ్యంతరం చెప్పి అమెరికా జట్టు తప్పుకుంది. ఆ లివర్‌పూల్ జట్టునే ఫైనల్లో హంఫ్రీస్ జట్టు ఓడించింది. కానీ ‘కడువడి’ అంటే మహావేగం. ఇక్కడ కావలసింది వేగం కాదు, ఎనిమిది మంది ఒక్కసారిగా వేసే బరువు. ‘గట్టిగ లాగన్’ అనండి, యతీ గణమూ (లఘువు-గురువుల కూర్పు) రెండూ నిలుస్తాయి.

కవి: నిజమే, మార్చుకున్నాను.

రెండో పూరణ (ఆ సభ్యురాలిదే):

మునుపటి యోటమిఁ దలఁపక
దినదిన సాధనల బలము దిటవునుఁ బెరుగన్
దన కేండ్లు నలువదైనను
వెనుకకుఁ దగ్గిన భటునకు విజయము దక్కెన్

విమర్శ: అమ్మా, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఎనిమిదేళ్ల ఎదురుచూపు ఇందులో ఉంది. అయితే తాడు ఏదీ? హంఫ్రీస్ కథ తెలియనివాడికి సమస్య సమస్యగానే మిగిలిపోతుంది.

కవయిత్రి: టెన్షన్‌లో అసలుదే మరిచాను మాస్టారూ. రెండో పాదం ఇలా:

దినదినమునుఁ ద్రాడు లాగు దిటవునుఁ బెరుగన్

నిర్వాహకుడు: ఆరో గణం ‘డు లాగు’, చక్కని జగణం (లఘువు, గురువు, లఘువు). 1920 నాటికి హంఫ్రీస్‌కు 42 ఏళ్లు, అయినా పద్యానికి రెండేళ్ల తేడా అడ్డు కాదు. ‘నలువది’ని అలాగే ఉంచండి.