చర్చ: మండల సిబ్బందికి డేటా విశ్లేషణ నేర్పాలా, ఆ పనిని బయటి నిపుణులకే వదిలేయాలా?

పాలనా విద్యార్థి:
2020లో ప్రభుత్వోద్యోగుల శిక్షణ కోసం కేంద్రం చేపట్టిన మిషన్ కర్మయోగి మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ సిబ్బందికి పర్యవేక్షణ, మూల్యాంకనం, డేటా విశ్లేషణ నేర్పాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. మండల స్థాయిలో ఇది వృథా ప్రయాస అని నా అభిప్రాయం. యాప్‌లతో, నివేదికలతో ఇప్పటికే ఊపిరాడని వారిపై మరో భారం మోపే బదులు, మూల్యాంకనాన్ని విశ్వవిద్యాలయాలకు అప్పగించడం మేలు. తన పనికి తానే మార్కులు వేసుకుంటే ఆ లెక్కను ఎవరు నమ్ముతారు?

విశ్రాంత గణాంకాధికారి:
పథకం ఫలితమిచ్చిందా లేదా అని తేల్చేవారు ఆ శాఖకు బయట ఉండాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. 1952లోనే ప్రణాళికా సంఘం మూల్యాంకనానికి ఒక విడి సంస్థను ఏర్పాటు చేసుకున్నది అందుకే. అయితే ఆ బయటివారు విశ్లేషించే అంకె పుట్టేది మాత్రం మండలంలోనే.

వరి దిగుబడిని అంచనా వేయడానికి చేసే పంట కోత ప్రయోగాన్నే చూడండి. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో సర్వే నంబరును ఎంచుకుని, చేను నైరుతి మూల నుంచి లెక్క ప్రకారం అడుగులు వేసి, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, అందులోని పంటను కోయించి, నూర్పించి తూకం వేస్తారు. ఆ చోటు చవుడు నేలలో పడితే, ‘కాస్త పక్కకు జరపండి సార్’ అని గట్టు మీద ఎవరో ఒకరు అంటారు. అలా జరిపితే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని తెలిసిన ఉద్యోగి జరపడు. నిబంధనగా మాత్రమే విన్నవాడు మొహమాటానికి జరుపుతాడు. పంట బీమా పరిహారం ఆ దిగుబడి అంచనా మీదే ఆధారపడినప్పుడు, ఆ రెండడుగుల తేడా ఎందరో రైతులను తాకుతుంది. దానిని ఏ విశ్వవిద్యాలయమూ తర్వాత సరిదిద్దలేదు.

అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు:
పెద్దలిద్దరికీ నమస్కారం. నైపుణ్యం గురించి మాట్లాడుతున్నారు గానీ, భయం గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఒక బిడ్డ బరువు జనవరిలో 9.2 కిలోలు, ఫిబ్రవరిలోనూ అంతే, మార్చిలో 9.1 అనుకుందాం. దీన్ని చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, బిడ్డ ఎదుగుదల ఆగిందని మా కార్యకర్తలు చూడగానే పసిగడతారు. సమీక్షలో మాత్రం మమ్మల్ని అడిగేది నమోదు నూరు శాతం అయిందా అనే. తక్కువ బరువు పిల్లల సంఖ్య పెరిగితే, మీ సెక్టారులోనే ఎందుకు పెరిగిందని సంజాయిషీ అడుగుతారు. నిజం రాసినవారికి మెమో వచ్చే చోట ఎన్ని తరగతులు పెట్టినా అంకెలు నిజం చెప్పవు. కాబట్టి మొదటి శిక్షణ సమీక్షలు జరిపే అధికారులకే ఇవ్వాలి.

పాలనా విద్యార్థి:
అమ్మా, మీ మాట నా వాదనకే బలమిస్తోంది. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో పరిశోధకులు ప్రభుత్వంతో కలిసి కొన్ని మండలాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, చెక్కు అందిందో లేదో రైతులకే ఫోన్ చేసి కనుక్కుంటామని అక్కడి వ్యవసాయాధికారులకు ముందే తెలియజేశారు. ఆ మండలాల్లో పంపిణీ కొద్దిగానైనా మెరుగుపడింది. అక్కడ ఎవరికీ విశ్లేషణ నేర్పలేదు. సిబ్బంది నివేదికను నమ్ముకోకుండా లబ్ధిదారునే అడిగారు, అంతే.

విశ్రాంత గణాంకాధికారి:
మంచి ఉదాహరణే. కానీ ఏ మండలాలను ఎంచాలో, పోలికకు వేటిని వదిలేయాలో తెలిసినవారు ఉండబట్టే ఆ మెరుగుదల కనిపించింది. పరిశోధకులు వెళ్లిపోయాక తర్వాతి పథకానికి అదే పని చేయగలవారు ప్రతి జిల్లాలో ఇద్దరైనా ఉండాలి కదా?

పర్యవేక్షకురాలు గారి సూచనకు ఒక చేర్పు: సమీక్షాధికారిని, కింది సిబ్బందిని ఒకే తరగతిలో కూర్చోబెట్టి, నమూనా పట్టికలకు బదులు వారి మండలం గత ఆరు నెలల డేటానే ముందుంచాలి. అక్కడ బయటపడిన ఏ అంకె ఆధారంగానూ ఎవరికీ మెమో ఇవ్వబోమని ముందే లిఖితపూర్వకంగా చెప్పాలి.