'అర' అంటే పలకా, ఖాళీయా? భోజనాల గది బీరువా గీస్తుంటే వచ్చిన సందేహం

అడిగినవారు:
అందరికీ నమస్కారం. భోజనాల గదిలో ఒక గోడ పొడవునా బీరువా కట్టించాలని కాగితం మీద గీస్తున్నాను. కింద తలుపులు, సొరుగులు. పైన గాజు తలుపుల వెనక పింగాణీ, గాజు సామాను కనబడేలా ఒక భాగం. డ్రాయింగ్ మీద అన్నీ తెలుగులోనే రాద్దామని మొదలుపెట్టి ఒకచోట ఆగిపోయాను. పై భాగానికి "మూడు అరలు" అని రాస్తే, ఇంట్లో ఒకరు చదివి "మూడు పలకలంటే నాలుగు వరసలొస్తాయి, చాలు" అన్నారు. నా లెక్కలో వరసలే మూడు! ఇంతకీ అర అంటే సామాను పెట్టే పలకా, రెండు పలకల మధ్య చోటా? అలాగే, గోడలో కలిసిపోయేలా చేసేదాన్ని బీరువా అనాలా, అలమర అనాలా, గూడు అనాలా? అరమరికలు లేకుండా చెప్పండి.

మొదటి జవాబు:
చోటేనండి. ఈ మాటను పాత రాతలో బండి ఱతో 'అఱ' అని రాసేవారు. గది అని అర్థం. తమిళంలో 'అఱై' అంటే ఇప్పటికీ గదే. సగం అనే అర్థమున్న 'అర' వేరు, అది మామూలు రతోనే ఉండేది. బండి ఱ మన రాతలోంచి జారిపోయాక రెండూ ఒకేలా కనబడుతున్నాయి, అంతే.

వాడుక కూడా ఇదే చెబుతుంది. పర్సులో రెండు అరలున్నాయంటే మధ్యలో గుడ్డ ఒక్కటే ఉంటుంది. ఆ గుడ్డను ఎవరూ అర అనరు. పెట్టెలో అరలైనా అంతే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇంగ్లీషు 'షెల్ఫ్'కి అసలు అర్థం పలక. దానికి తెలుగుగా 'అర' అని పెట్టేసరికి, ఖాళీ పేరు చెక్కకి వెళ్లి అతుక్కుంది. లెక్క ఒకటి తేడా వస్తోంది.

ఒకటే కదా అనుకోకండి. మీ పై భాగం లోపలి ఎత్తు 100 సెం.మీ., పలక మందం 18 మి.మీ. అనుకుందాం. మూడు పలకలు వేస్తే అరలు నాలుగు. పలకలకు 5.4 సెం.మీ. పోగా ఒక్కో అరకు మిగిలేది దాదాపు 23.6 సెం.మీ. అదే మూడు అరలు కావాలంటే పలకలు రెండే, ఒక్కో అరకు దాదాపు 32 సెం.మీ. 24 సెం.మీ. ఎత్తున్న కాడ గ్లాసు మొదటిదాంట్లో పట్టదు, రెండోదాంట్లో హాయిగా నిలబడుతుంది. ఒక్క మాటకి రెండు బీరువాలు!

ఇంకో సభ్యురాలు:
మీరు చెప్పిన మూలం సరే. కానీ "పై అర మీద పెట్టు" అని మనం రోజూ అనడం లేదా? 'మీద' అన్నామంటే అది పలకే కదా. "అరలో పెట్టు" అన్నప్పుడు మాత్రం ఖాళీ. అంటే ఇప్పటి తెలుగులో రెండర్థాలూ ఉన్నాయి. పుట్టుక ఒకటని వాడుకను తప్పు అనలేం.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒప్పుకుంటున్నాను. 'మీద', 'లో' తేడా పట్టుకున్నారు, నాకది తట్టలేదు. మాట్లాడేటప్పుడు ఎలా అన్నా నష్టం లేదు, ఎదురుగా బీరువా ఉంటుంది, చెయ్యి చూపిస్తాం. డ్రాయింగ్ దగ్గర మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. అక్కడ చెక్కను 'పలక' అనీ, ఖాళీని 'అర' అనీ రాసి, రెండింటి సంఖ్యా పక్కపక్కన వేస్తే వాదన ఉండదు.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు:
నమస్తే అండి. మా పనిలో వాడే మాటలు చెబుతాను. పలకను షెల్ఫ్ అనే అంటాం. తలుపును షట్టర్ అంటాం. తలుపులు బిగించకముందు ఉండే చెక్క డబ్బాను బాక్స్, సొరుగు జారే పట్టాలను ఛానెల్ అంటాం. 'అరలు 3' అని ఎవరైనా రాస్తే మళ్లీ అడిగి తీరతాం, ఎందుకంటే పైన జరిగిన గొడవే మాకు వారం వారం.

కానీ 'అర' కన్నా ఎక్కువ కొంప ముంచే మాట 'వెడల్పు'. తెలుగులో రెండు కొలతల్లో పెద్దదాన్ని పొడవు, చిన్నదాన్ని వెడల్పు అంటాం. గోడ వెంట రెండు మీటర్లుండే బీరువాకి గోడ నుంచి ముందుకు వచ్చే 40 సెం.మీ.ని కొందరు వెడల్పు అని రాస్తారు. ఇంగ్లీషు పద్ధతిలో చదివేవాళ్లకు వెడల్పంటే గోడ వెంట కొలత. అందుకని 'గోడ వెంట', 'ముందుకి', 'ఎత్తు' అని రాయండి. లేదా ముందుకొచ్చేదాన్ని 'లోతు' అనండి. పొడవు, వెడల్పు అని మాత్రం వద్దు.

లోతు కూడా లోపలిదా, బయటిదా చెప్పాలి. పెద్ద భోజనం ప్లేటు 27 సెం.మీ. దాకా ఉంటుంది. బయటి లోతు 30 అని రాసిస్తే, షట్టర్‌కు 18 మి.మీ., వెనక పలకకు ఒక 9 మి.మీ. పోయి లోపల మిగిలేది 27.3. ప్లేటు అంచు షట్టర్‌కు తగిలీ తగలనట్టు ఉంటుంది. "లోపలి లోతు 30" అని రాస్తే ఏ బాధా లేదు. కింది భాగానికి వంటగదిలోలా 60 సెం.మీ. అక్కర్లేదు. ఇక్కడ 40, 45 చాలు. బల్లకీ బీరువాకీ మధ్య కుర్చీ వెనక్కి జరుపుకుని లేవడానికి 90 సెం.మీ. వదలాలి. కూర్చున్నవాళ్ల వెనకనుంచి మనుషులు నడవాలంటే 110 నుంచి 120. సొరుగు పూర్తిగా లాగినప్పుడు ఎంత ముందుకొస్తుందో కూడా ఇందులోనే చూసుకోవాలి.

అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. నేను పలక పొడవు గోడ వెంట 120 సెం.మీ. అనుకున్నాను, మధ్యలో నిలువు చెక్క లేకుండా. చూడ్డానికి విశాలంగా ఉంటుందని.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు:
18 మి.మీ. చెక్కతో వద్దండి. పింగాణీ బరువు. పలక పొడవునా సమానంగా సర్దితే, నడుము దగ్గర వంగడం పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 60 నుంచి 120కి వెళ్తే పొడవు రెట్టింపే, వంపు మాత్రం పదహారు రెట్లు. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, అది కూడా పూర్తిగా సరిపోదన్నమాట. 60, 70 దగ్గర ఒక నిలువు చెక్క పెట్టండి. చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు (పార్టికల్ బోర్డు) అయితే ఇంకా తక్కువ దూరంలోనే పెట్టాలి. ముందు అంచుకు నిలువుగా ఒక చెక్కపట్టీ బిగిస్తే కొంత గట్టిపడుతుంది, అందమూ వస్తుంది.

మూడో సభ్యుడు:
సొరుగు గురించి ఎవరూ చెప్పలేదేం? లోపల చీకటిగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి సొరంగం నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఊహ బాగుంది కానీ కుదరదు. సొరంగం సంస్కృతం 'సురంగ' నుంచి వచ్చింది. సొరుగు మన మాటే. చొచ్చుకుపోవడం, చొరబడడం, సొరబడడం అంటామే, ఆ కుటుంబంలోది. తమిళంలో 'సొరుగు' అంటే లోపలికి దోపడం. ఇంగ్లీషువాళ్లు 'డ్రాయర్' అని బయటికి లాగే పనిని బట్టి పేరు పెట్టారు. మనవాళ్లు లోపలికి తోసే పనిని చూశారు. నాకైతే మనదే సరైన చూపనిపిస్తుంది. లాగినది తొయ్యకపోతే మోకాలికి తగులుతుంది మరి.

ఇక అసలు ప్రశ్నలో రెండో ముక్క. బీరువా, అలమర రెండూ బయటినుంచి వచ్చినవే. అలమరకు మూలం పోర్చుగీసు 'అర్మారియు'. దాని వెనక లాటిన్ 'అర్మారియుం' ఉంది, ఆయుధాలూ పనిముట్లూ పెట్టే చోటు. బీరువా ఫ్రెంచి 'బ్యూరో' వైపునుంచి వచ్చింది, తమిళంలో 'బీరో' అంటారు. ఆ బ్యూరో మొదట రాతబల్ల మీద పరిచే ముతక ఉన్ని గుడ్డ, తర్వాత ఆ బల్ల, తర్వాత ఆఫీసు. మన దగ్గరికొచ్చేసరికి తాళమేసి దాచేది అయింది. కప్‌బోర్డ్ కథ మీ బీరువాకి ఇంకా దగ్గర. అది మొదట కప్పులు పేర్చి నలుగురికీ చూపించే తెరిచిన బల్ల. తలుపులు తర్వాత వచ్చాయి. చూపించే సామాను పేరు దాచే సామానుకు స్థిరపడిపోయింది.

మీరు కట్టించేదాంట్లో రెండు పనులూ ఉన్నాయి కాబట్టి మొత్తానికి ఒకే పేరు కోసం వెతక్కండి. గోడ కట్టేటప్పుడే వదిలిన ఖాళీ అయితే గూడు. దానికి పలకలు, తలుపులు బిగిస్తే గోడ అలమర. బయట నిలబెట్టి జరపగలిగేది బీరువా. మీది నేల నుంచి పైకప్పు దాకా గోడకు బిగించేది కాబట్టి 'గోడ బీరువా' అన్నా అందరికీ అర్థమవుతుంది. 'బిల్టిన్' అన్నా నాకేం అభ్యంతరం లేదు. దానికోసం 'అంతర్నిర్మిత నిల్వ వ్యవస్థ' లాంటిది మాత్రం రాయకండి, వడ్రంగి పారిపోతాడు.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు:
పారిపోము, డబ్బులు ఎక్కువ అడుగుతాం :)

గోడకు బిగించేదంటే ఒకటి గుర్తుంచుకోండి. ఏ గోడా పూర్తిగా నిటారుగా ఉండదు, ఏ మూలా సరిగ్గా 90 డిగ్రీలు ఉండదు. డబ్బాను గోడకు గోడ కొలిచి చేస్తే లోపలికి వెళ్లదు. రెండు పక్కలా 3 నుంచి 5 సెం.మీ. వదిలి, ఆ సందును గోడ వంకరకు తగ్గట్టు చెక్కిన పట్టీతో మూస్తాం. దాన్ని ఫిల్లర్ అంటాం. మూలనున్న షట్టర్, సొరుగు పక్క గోడకు తగలకుండా తెరుచుకునేదీ దానివల్లే. చెమ్మ ఉన్న గోడైతే ముందు ఆ చెమ్మ సంగతి చూసుకోండి, బీరువా దాన్ని దాస్తుంది తప్ప ఆపదు.

ఇంకో సభ్యురాలు:
పై భాగంలో దీపాలు పెడతారా? పెడితే పలక గాజుదా చెక్కదా అన్నది ముందే తేల్చుకోవాలి. చెక్క పలకలైతే పైన పెట్టిన దీపం మొదటి అరలోనే ఆగిపోతుంది. కింది అరలు చీకటి. అప్పుడు ముందు అంచుల వెంట నిలువుగా రెండు వైపులా ఎల్ఈడీ పట్టీ పెట్టించుకోవాలి. వెలుతురు రంగు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య, అంటే కాస్త పసుపు ఛాయలో ఉంటే పింగాణీ పాలిపోయినట్టు కనబడదు. తీగ వెళ్లే దారి, స్విచ్చు చోటు డబ్బా బిగించకముందే నిర్ణయించాలి.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు:
గాజు పలకలైతే టఫెన్ చేసినవి, అంటే వేడి చేసి గట్టిపరచినవి తీసుకోండి, 8 లేదా 10 మి.మీ. టఫెన్ చేశాక గాజును కొయ్యడం, రంధ్రం వెయ్యడం కుదరదు. అందుకని డ్రాయింగ్ కొలత ఇవ్వకండి. డబ్బా నిలబెట్టాక లోపల కొలిచి అప్పుడు ఆర్డర్ ఇవ్వండి.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చి రాశాను, చూడండి: "గోడ బీరువా, పై భాగం. నిలువు చెక్క మధ్యలో ఒకటి. ఒక్కో వైపు పలకలు 2, అరలు 3. ఒక్కో అర లోపలి ఎత్తు 32 సెం.మీ., లోపలి లోతు 30 సెం.మీ. గాజు షట్టర్లు. కింది భాగం: ముందుకి 45 సెం.మీ., సొరుగులు 4, షట్టర్లు 2."

మొదటి జవాబు ఇచ్చినవారు:
భాష వరకు ఇక వంక పెట్టడానికి లేదు.

వడ్రంగం పనిలో ఉన్న సభ్యుడు:
ముందుకి 45 అన్నది లోపలిదా, బయటిదా?