లో-కాస్ట్ ఎయిర్‌లైన్‌లో మొదటి ఉద్యోగం, పైన ఏదైనా అయితే ఎలా అని టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. యూరప్ వచ్చి మూడు నెలలైంది. ఇక్కడ ఒక లో-కాస్ట్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరాను. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) అయిపోయింది, వచ్చే వారం నుంచి ప్రయాణికులతో లైన్ ట్రైనింగ్. రోజుకు నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ఫ్లైట్లు, మధ్యలో నేల మీద ఉండేది 25 నిమిషాలు. సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆపేసినా చేతులు బాగానే ఆడాయి. నిజంగా పైన ఏదైనా అయితే ఆడతాయా అన్నదే నా బెంగ. పైగా చవక టికెట్ల కంపెనీ కదా, సేఫ్టీ ఉంటుందా అని ఇంట్లోవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. పెద్దవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు, ఒక కెప్టెన్ నుంచి:

తమ్ముడూ, ముందుగా అభినందనలు. నేను ఇలాంటి కంపెనీలోనే పదకొండేళ్లుగా ఎగురుతున్నాను, అందులో నాలుగేళ్లు ఎడమ సీట్లో, అంటే కెప్టెన్‌గా.

ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పు. టికెట్ చవకైనా, ఖరీదైనా ఇక్కడ అందరికీ వర్తించేవి యాసా (యూరప్ విమాన భద్రతా సంస్థ) నిబంధనలే. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ చెక్ అందరికీ ఉంటుంది. ఖర్చు తగ్గేది వేరే చోట: ఒకే రకం విమానాలు, ఎక్కువ సీట్లు, బ్యాగుకి వేరే చార్జి, విమానం నేల మీద తక్కువసేపు నిలబడటం. ఆ చివరిదాని భారం మాత్రం మన మీదే పడుతుంది.

ఇంజిన్ పోవడం గురించి బెంగ పెట్టుకోకు. మనం ఎక్కువగా సాధన చేసేది దాన్నే. టేకాఫ్‌లో ఇంజిన్ పోతే విమానాన్ని సూటిగా పట్టుకో, గేర్ (చక్రాలు) పైకి తియ్యి, 400 అడుగులు దాటేదాకా ఇంక దేన్నీ ముట్టుకోకు. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయల్దేరిన క్వాంటాస్ ఏ380లో ఒక ఇంజిన్ పేలి రెక్కలో వైర్లు, పైపులు తెగిపోయాయి. లోపల 469 మంది. సిబ్బంది తొందరపడలేదు. స్క్రీన్ మీద ఒకదాని వెనక ఒకటి వచ్చిన హెచ్చరికలను దాదాపు 50 నిమిషాలు కూర్చుని చూసుకుంటూ వెళ్లారు. అందరూ క్షేమంగా దిగారు.

తొందరపడాల్సినవి రెండే: పొగ లేదా మంట, క్యాబిన్ ప్రెజర్. 35 వేల అడుగుల ఎత్తులో ప్రెజర్ పోతే నీకు తెలివి సరిగ్గా పనిచేసేది నిమిషం లోపే. ప్రెజర్ హెచ్చరిక హారన్ మోగితే ముందు ఆక్సిజన్ మాస్క్, ఆలోచన తర్వాత. 2005 ఆగస్టు 14న హీలియోస్ అనే కంపెనీ ఫ్లైట్ 522లో ఇదే హారన్ మోగింది. టేకాఫ్ ముందు వచ్చే ఇంకో హెచ్చరికకు కూడా శబ్దం అదే కావడంతో పైలట్లు ప్రెజర్ హారన్‌ను ఆ హెచ్చరికే అనుకున్నారు. మాస్కులు పెట్టుకోకుండా కారణం వెతుకుతూ స్పృహ తప్పారు. 121 మంది పోయారు. చదివినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే మాస్క్ వైపు వెళ్తుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది మొహమాటం గురించి. చెయ్యి సాధనతో వస్తుంది. నోరు పెగలదు, అదే మన సమస్య. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం కదా.

నేను చేరిన ఏడాదిలో జరిగింది చెప్తాను. రాత్రి, నాలుగో సెక్టార్, అప్పటికే ఆలస్యం. కంట్రోలర్ షార్ట్‌కట్ ఇవ్వడంతో ఎత్తు మిగిలిపోయింది, అంటే ఉండాల్సినదానికంటే పైన ఉన్నాం. నడుపుతున్నది కెప్టెన్. 1000 అడుగుల దగ్గర మా స్పీడ్ 140 నాట్ల దరిదాపుల్లో ఉండాలి, 172 ఉంది. దిగేముందు రెక్క వెనక దించే ఫ్లాప్ ఇంకొక మెట్టు మిగిలే ఉంది. నేను "స్పీడ్, సార్" అన్నాను, అదీ నెమ్మదిగా. ఆయన "చెక్" అన్నారు. ఆ ఎత్తులో అన్నీ కుదరకపోతే గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) అని మా రూలు. ఇద్దరిలో ఎవరైనా అనొచ్చు. ఆ రెండు మాటలు నా గొంతులోనే ఆగిపోయాయి. రన్‌వే మీద చాలా ముందుకు వెళ్లి దిగాం, బ్రేకులు గట్టిగా పట్టాల్సి వచ్చింది.

స్టాండ్‌లో ఇంజిన్లు ఆగాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "నేను అలసిపోయాను, నాకు కనబడలేదు. నీకు కనబడింది. ఎందుకు అనలేదు?" అన్నారు. కోపంగా కాదు. ఇద్దరం రిపోర్ట్ రాశాం. కంపెనీవాళ్లు మాతో మాట్లాడారు, అంతే, ఎవరికీ శిక్ష పడలేదు.

మర్నాటి నుంచి "సార్" అనడం మానేశాను. ఇక్కడ కెప్టెన్లను పేరు పెట్టి పిలుస్తారు, అందులో అమర్యాద లేదు. సార్ అన్న నోటితో వెంటనే గో అరౌండ్ అనడం మనకు కష్టం. నువ్వు మొదటి రోజు నుంచే పేరు పెట్టి పిలువు.

రేడియోలోనూ అంతే. 1990 జనవరి 25న ఆవియాంకా కంపెనీ ఫ్లైట్ 52 న్యూయార్క్ దగ్గర గాల్లో చక్కర్లు కొట్టి కొట్టి ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది చనిపోయారు. వాళ్లు ఇంధనం తక్కువ ఉందన్నారు, ప్రయారిటీ కావాలన్నారు. ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం కంట్రోలర్‌కు చెప్పలేదు. ఇప్పుడు మాటలు కచ్చితంగా ఉన్నాయి: దిగేసరికి 30 నిమిషాల ఫైనల్ రిజర్వ్‌లోకి (ముట్టుకోకుండా మిగల్చాల్సిన ఇంధనంలోకి) వెళ్తామని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్". బతిమాలినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

జవాబు, క్యాబిన్ క్రూ నుంచి:

అన్నయ్య చెప్పింది నిజం, కాక్‌పిట్ తలుపుకి ఇవతల ఉండే మాదీ అదే మొహమాటం. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737 విమానం కూలినప్పుడు మంట వచ్చింది ఎడమ ఇంజిన్‌లో, పైలట్లు ఆపేసింది కుడి ఇంజిన్. వెనక ఉన్న సిబ్బంది, ప్రయాణికుల్లో కొందరు ఎడమ వైపు మంట చూశారు. కుడి ఇంజిన్ అని కెప్టెన్ అనౌన్స్‌మెంట్‌లో ప్రయాణికులు విన్నా, ఎవరూ వెళ్లి చెప్పలేదు. 47 మంది పోయారు. కాబట్టి తమ్ముడూ, మేం ఇంటర్‌కామ్‌లో పిలిస్తే చిన్న విషయమని విసుక్కోకు. ఒకసారి విసుక్కుంటే ఆ అమ్మాయి రెండోసారి ఫోన్ ఎత్తదు.

ఇంకొకటి. నీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇంజిన్ కాదు, ప్రయాణికుల ఆరోగ్యం. 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం సగటున 604 ఫ్లైట్లకు ఒక మెడికల్ కేసు. దారి మళ్లించాల్సి వచ్చినవి వాటిలో ఏడు శాతం. రోగి పరిస్థితి మేం చెప్తాం. ఎక్కడ దిగుతాం, ఎన్ని నిమిషాలు పడుతుంది, ఈ రెండూ మీరు స్పష్టంగా చెప్పండి చాలు.

మళ్లీ అడిగినవారు:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి అడగాలి. నాలుగో సెక్టార్‌కి నాకు నిజంగా ఒళ్లు తూలిపోతే? ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. అలసిపోయానంటే ఉద్యోగం ఉంటుందా?

జవాబు, అదే కెప్టెన్ నుంచి:

ఈ భయం అందరికీ ఉంటుంది, దాచుకోవాల్సిన పని లేదు. ఇక్కడి పరిమితులు 28 రోజుల్లో 100 గంటల ఫ్లయింగ్, క్యాలెండర్ ఏడాదికి 900. మా కంపెనీలో వేసవిలో రోస్టర్ ఆ అంచుదాకా వస్తుంది. గంటలు పరిమితి లోపలే ఉన్నంత మాత్రాన ఒంట్లో ఓపిక ఉన్నట్టు కాదు. అలసటతో విధులు సరిగ్గా చేయలేనని నీకు తెలిసినప్పుడు ఎక్కకూడదన్నది చట్టమే.

రోజు సాగిపోతే కెప్టెన్ తన విచక్షణతో డ్యూటీని రెండు గంటల వరకు పెంచవచ్చు. కానీ నిర్ణయం తీసుకునే ముందు ఎలా ఉన్నారని సిబ్బంది అందర్నీ అడగాలి. నేను అడిగినప్పుడు చాలామంది పిల్లలు కళ్లు ఎర్రగా ఉన్నా "నేను బాగానే ఉన్నా" అంటారు. నువ్వు అలా అనకు. "ఇంకొకటి నా వల్ల కాదు" అంటే వినే కెప్టెన్లే ఎక్కువ. వినని వాళ్లూ ఉంటారు. అప్పుడు ఎక్కకు, అదే రోజు ఫటీగ్ రిపోర్ట్ రాయి. ప్రొబేషన్‌లో అది తేలికని నేను అనను. నీకు ఇబ్బంది కలగొచ్చు కూడా. అందుకే పైలట్ల యూనియన్‌లో ఈ వారమే చేరు, అవసరం వచ్చాక చేరితే ఆలస్యమవుతుంది.

ఒకసారి నీ కాంట్రాక్ట్ తీసి చూడు. నిన్ను పెట్టుకున్నది కంపెనీనా, మధ్యలో ఏజెన్సీనా? జీతం నెలకు ఇంతనా, ఎగిరిన గంటకు ఇంతనా? గంటకే అయితే జ్వరమొచ్చినా ఎక్కాలనిపిస్తుంది. అలాంటప్పుడు మొదటి ఆరు నెలలు ఖర్చులు బిగించి, రెండు నెలల ఇంటి అద్దె పక్కన పెట్టుకో. టైప్ రేటింగ్ బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే కట్టాల్సింది నెలనెలా తగ్గుతుందా లేదా అన్నది కాగితం మీద ఉండాలి. లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకో. లైన్ ట్రైనింగ్ రెండో వారం అయ్యాక ఇక్కడే రాయి, ఎలా ఉందో చెప్పు.